ఒకే గదిలో మొదలైన దారులు

అండం ఫలించిన నాలుగో వారం చివరికి పిండం పొడవు 4, 5 మిల్లీమీటర్లు. తల్లికి నెల తప్పి అప్పటికి రెండు వారాలు. ఆ కబురు పుట్టింటికి కూడా ఇంకా చేరి ఉండదు. అంత చిన్న పిండానికి తోక వైపున ఒక గది ఉంటుంది. పేగు చివరి కొస అందులోకే తెరుచుకుంటుంది, మూత్రం దారీ అందులోకే. తర్వాత రాబోయే జననాంగాల దారికి కూడా చోటు అక్కడే. జీవశాస్త్రంలో ఈ గది పేరు అవస్కరం. కోడికి, కప్పకు, బల్లికి ఇది బతికినంతకాలం ఉంటుంది. మలం, మూత్రం, గుడ్డు అన్నీ వాటికి ఒకే ద్వారం నుంచి బయటికొస్తాయి. మనిషికి మాత్రం ఇది కొద్ది వారాల ఏర్పాటు. ఏడో వారం ముగిసేలోగా ఈ గది రెండుగా చీలాలి.

కృష్ణా డెల్టాలో సేద్యం చేసేవారికి ఈ సంగతి తేలిగ్గా పట్టుబడుతుంది. చేలకు నీరు తెచ్చే కాలువ వేరు, చేల నుంచి నీరు లాగే మురుగు కాలువ వేరు. రెంటికీ మధ్య గట్టు నిలిచి ఉంటేనే పైరు దక్కుతుంది. అవస్కరంలో నాలుగో వారం నుంచి ఏడో వారం దాకా జరిగేది ఆ గట్టు కట్టే పనే. గట్టుకు వెనకభాగం పురీషనాళం అవుతుంది. ముందుభాగం మూత్రాశయంగా, మూత్రమార్గంగా మారుతుంది. ఆడపిండంలో మరికొన్ని వారాలకు ఈ రెంటి మధ్యకు గర్భాశయం, యోని చేరతాయి. కింద మూసి ఉన్న పల్చటి పొర ఎనిమిదో వారం నాటికి విడిపోయి ద్వారాలు తెరుచుకుంటాయి.

ఈ పని ఎక్కడ ఆగిందో, ఏ వారంలో తప్పిందో దాన్నిబట్టి పుట్టే లోపం ఉంటుంది. ఈ అధ్యాయం ఆ లోపాల గురించి. ఇళ్ళలో వీటి గురించి గుసగుసగా మాట్లాడతారు, చాలాసార్లు అసలు మాట్లాడరు. గుండెకు రంధ్రం ఉందంటే చుట్టాలందరికీ చెప్పుకునే తల్లిదండ్రులు, బిడ్డకు మలద్వారం లేదంటే సొంత అన్నదమ్ములకు కూడా చెప్పుకోలేరు. ఆ మౌనం బిడ్డకు చేసే చెరుపు చాలాసార్లు లోపం చేసే చెరుపుకంటే ఎక్కువ.

గట్టు పడని చోట

మలద్వారం సరిగా ఏర్పడకుండా పుట్టే పిల్లలు ప్రపంచమంతటా సుమారు 5,000 కాన్పులకు ఒకరు. మగపిల్లల్లో కొంచెం ఎక్కువ. లోపం అందరిలో ఒకే తీరున ఉండదు. కొందరిలో పురీషనాళం చర్మం దాకా వచ్చి, ఉండవలసిన చోటుకు కాస్త ముందుగా సన్నటి రంధ్రంలా తెరుచుకుంటుంది. మగబిడ్డల్లో ఎక్కువగా కనిపించే రకంలో పురీషనాళం పైనే ఆగిపోయి, మూత్రమార్గంతో ఒక సన్నటి దారి ద్వారా కలిసి ఉంటుంది. అలాంటి బిడ్డకు మూత్రంలో ఆకుపచ్చగా, నల్లగా మలం కనిపిస్తుంది. ఆడబిడ్డల్లో ఎక్కువగా కనిపించేది మరో రకం: యోని ముఖం దగ్గరే, దానికి కాస్త వెనకగా మలం వచ్చే రంధ్రం ఉంటుంది.

ఆడబిడ్డల్లో చాలా అరుదుగా గట్టు అసలు పడనే పడదు. మలం, మూత్రం, యోని మూడూ లోపలే కలిసి ఒక్క రంధ్రంగా బయటికి వస్తాయి. నాలుగో వారం నాటి గది పుట్టిన తర్వాత కూడా అలాగే మిగిలిపోయిందన్నమాట. ఈ రకంలో మూత్రపిండాలకు ఆపద ఎక్కువ. చికిత్స కూడా అన్నిటికంటే కష్టం.

గట్టు పైనుంచి కిందికి దిగుతుందని కొందరు, రెండు పక్కల నుంచి వచ్చి మధ్యలో కలుస్తుందని మరికొందరు 19వ శతాబ్దం నుంచి వాదించుకున్నారు. 1980ల తర్వాత పంది, ఎలుక పిండాలను శ్రద్ధగా పరిశీలించినవారు ఇంకో సంగతి చూపించారు. లోపం ఉన్న పిండాల్లో అవస్కరం వెనకభాగం, దాన్ని మూసే పొర మొదటి నుంచే సరిగా పెరగడం లేదు. గట్టు సంగతి ఆ తర్వాతది. 2001లో టొరంటో శాస్త్రజ్ఞులు ఇంకో మెట్టు ముందుకు వెళ్ళారు. సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు అవయవాలు ఏర్పడే వేళ కణాల మధ్య కబుర్లు మోసే ప్రోటీన్‌ను తయారు చేస్తుంది. అది పూర్తిగా లేని ఎలుక పిల్లల్లో మూడు దారులూ కలిసిపోయే ఉన్నాయి. అదే వరసలో పనిచేసే గ్లి2 అనే జన్యువు లేని ఎలుకల్లో మలద్వారం మూసుకుపోయి, పురీషనాళం మూత్రమార్గంతో కలిసింది. గ్లి3 లేనివాటిలో మలద్వారం ఇరుకుగా ఉంది. కబురు ఎంతగా తెగితే లోపం అంత తీవ్రమన్నమాట. పిల్లల ఆసుపత్రుల్లో వైద్యులు చూసే రకాలన్నీ ఒకే గొలుసులో వేర్వేరు చోట్ల తెగిన లింకులని ఆ ఎలుకలు చెప్పాయి.

ఒక లోపం దొరికితే ఆగవద్దు

అవస్కరం చీలుతున్న ఆ వారాల్లోనే వెన్నుపూసలు, గుండె గదులు, ఆహారనాళం, మూత్రపిండాలు, చేతుల ఎముకలు కూడా రూపు దిద్దుకుంటుంటాయి. అందుకే మలద్వార లోపంతో పుట్టిన పిల్లల్లో సుమారు సగం మందికి ఇంకోచోట కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. మూత్రపిండాలవి అందులో ఎక్కువ. మలద్వారం దగ్గర లోపం కనిపించిన బిడ్డకు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి ఆహారనాళం పొట్ట దాకా వెళ్ళిందో లేదో చూస్తారు. గుండెకు ఎకో తీస్తారు. మూత్రపిండాలకు, వెన్నుపాముకు అల్ట్రాసౌండ్, నడుము కింది ఎముకకు ఎక్స్‌రే చేస్తారు. అడుగున వెన్నెముక చిన్నదిగా ఉంటే మలమూత్రాల మీద అదుపు కష్టమవుతుందని ముందే తెలుస్తుంది. ఆ బిడ్డ పదేళ్ళ భవిష్యత్తు గురించి తల్లిదండ్రులకు ఉన్నమాట చెప్పడానికి ఆ ఎక్స్‌రే పనికొస్తుంది.

మూత్రపిండం కథ కూడా ఈ అడుగు ప్రాంతం నుంచే మొదలవుతుంది. మూత్రపిండాలు ఏర్పడేది నడుము దగ్గర కాదు, కటి లోపల. అక్కడి నుంచి ఆరో వారం తర్వాత పైకి జరుగుతాయి. దారిలో రెండూ అడుగున అతుక్కుంటే గుర్రపు నాడా ఆకారం వస్తుంది. ఇలాంటివారు 500 మందిలో ఒకరు ఉంటారు, చాలామందికి జీవితాంతం ఆ సంగతే తెలియదు. మూత్రపిండాన్ని మొలకెత్తించే నాళమే, ఆడపిండంలో గర్భాశయపు నాళానికి కింది దాకా దారి చూపిస్తుంది. ఒక పక్క ఆ నాళం లేకపోతే ఆ పక్క మూత్రపిండమూ ఉండదు, గర్భాశయంలోనూ తేడా వస్తుంది. ఒక్క మూత్రపిండంతో పుట్టిన ఆడపిల్లకు గర్భాశయాన్ని కూడా ఒకసారి చూడమని వైద్యులు చెప్పేది ఇందుకే.

మొదటి రోజు చూపు

కడుపులో ఉన్నప్పుడు చేసే టిఫా స్కాన్‌లో మూత్రపిండాలు బాగా కనిపిస్తాయి, మలద్వారం కనిపించకపోవడమే ఎక్కువ. కాబట్టి టిఫాలో అంతా బాగుందన్న కాగితం చేతిలో ఉన్నా, పుట్టిన బిడ్డను కాళ్ళు ఎత్తి చూడక తప్పదు. ఇందుకు యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు, పట్టే సమయం అర నిమిషం. మలద్వారం ఉందా? ఉండవలసిన చోట ఉందా? మూత్రం ఎక్కడి నుంచి వస్తోంది? మగబిడ్డ అయితే వృషణాలు రెండూ సంచిలో ఉన్నాయా? 24 గంటల్లో నల్లటి జిగురు మలం పోయిందా? కాన్పు చేసిన నర్సు, పిల్లల వైద్యుడు, ఇంటికొచ్చే ఆశా కార్యకర్త, స్నానం పోసే అమ్మమ్మ ఎవరైనా అడగదగ్గ ప్రశ్నలివి.

ఆడబిడ్డల విషయంలో మోసపోవడం తేలిక. మలం వస్తూనే ఉంటుంది కాబట్టి ద్వారం ఉందనే అనుకుంటారు. అది యోని దగ్గర నుంచి వస్తోందని ఎవరూ గమనించరు. పాలు మాని అన్నం తినే వయసులో మలబద్ధకం ముదిరి, పొట్ట ఉబ్బి, అప్పుడు వైద్యుడి దగ్గరకు తీసుకొస్తారు. అప్పటికి పేగు సాగిపోయి ఉంటుంది.

ద్వారం లేదని తేలాక, పురీషనాళం చర్మానికి ఎంత దూరంలో ఆగిందో తెలియాలి. బిడ్డ మింగిన గాలి పేగు చివరికి చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. 1930లో అమెరికాలో వాంగెన్‌స్టీన్, రైస్ అనే వైద్యులు బిడ్డను కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి ఎక్స్‌రే తీసే పద్ధతి ప్రవేశపెట్టారు. గాలి పైకి లేచి పేగు చివర నిలుస్తుంది, ఎక్స్‌రేలో ఆ చివర కనిపిస్తుంది. ఉపాయం మంచిదే, కానీ అసలే నీరసంగా ఉన్న పసికందుకు అది నరకం. అప్పుడు బిడ్డ ఏడుస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి, కొలతా తప్పుతుంది. 1983లో చండీగఢ్ పీజీఐ వైద్యులు కె.ఎల్. నరసింహారావు, జి.ఆర్. ప్రసాద్, వారి సహచరులు తేలిక మార్గం ప్రచురించారు. బిడ్డను బోర్లా పడుకోబెట్టి, పిరుదులు కాస్త ఎత్తుగా ఉంచి, పక్క నుంచి ఎక్స్‌రే తీయాలి. గాలి అలాగే పైకి చేరుతుంది, బిడ్డకు కష్టం ఉండదు, చిత్రం ఇంకా స్పష్టంగా వస్తుంది. దీనికి కొత్త యంత్రమేదీ కొనక్కర్లేదు. ఒక పసిబిడ్డ ఏడుపును పట్టించుకుని ఆలోచించిన వైద్యం ఇది. ఆ పద్ధతి ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

కండరాన్ని వెతికిన శస్త్రచికిత్స

ఏడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు పాల్ ఆఫ్ ఏజినా మూసుకున్న పొరను కత్తితో చీల్చి, ద్వారం మళ్ళీ పూడుకుపోకుండా వెడల్పు చేయమని రాశాడు. పొర పల్చగా ఉన్న పిల్లలు బతికారు. 1835లో ఫ్రాన్స్‌లో అముస్సా పేగును కిందికి లాగి చర్మానికి కుట్టాడు. ఆ తర్వాత నూరేళ్ళు శస్త్రవైద్యుల ధ్యాసంతా బిడ్డ ప్రాణం మీదే. మలం ఆపుకునే శక్తి గురించి ఆలోచించే తీరిక వారికి లేదు. 1953లో ఆస్ట్రేలియా వైద్యుడు డగ్లస్ స్టీఫెన్స్, పురీషనాళం చుట్టూ ఉన్న కండరం లోపలి నుంచి పేగును తీసుకురాకపోతే అదుపు రాదని గట్టిగా చెప్పాడు. అయితే ఆ కండరాన్ని కళ్ళతో చూస్తూ చేయడానికి దారి దొరకలేదు.

ఆ దారి 1980 ఆగస్టులో మెక్సికో నగరంలో దొరికింది. అల్బెర్టో పెన్యా అనే పిల్లల శస్త్రవైద్యుడు బిడ్డను బోర్లా పడుకోబెట్టి, వెన్నెముక అడుగు నుంచి సరిగ్గా మధ్యగీత మీద కోశాడు. రెండు పక్కల కండరాలూ నడిమధ్యన కలుస్తాయి, నరాలు ఆ గీతను దాటవు. కాబట్టి మధ్యలో కోస్తే ఏదీ తెగదు. చిన్నపాటి విద్యుత్తుతో కండరాన్ని కదిలించి, అది ఎక్కడ ఉందో కనిపెట్టి, పేగును సరిగ్గా దాని మధ్య నుంచి తెచ్చి కుట్టాడు. పీటర్ డి వ్రీస్‌తో కలిసి 1982లో దీన్ని ప్రచురించాడు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది చేసేది ఇదే.

లోపం పైన ఉంటే చికిత్స మూడు విడతలుగా సాగుతుంది. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో పొట్ట మీద పేగుకు తాత్కాలిక దారి, అంటే కొలోస్టమీ. కొన్ని వారాల నుంచి నెలల తర్వాత అసలు ఆపరేషన్. అది మానాక, కొత్త ద్వారం సరిపడా వెడల్పయ్యాక పొట్ట మీది దారి మూసివేత. తల్లిదండ్రులను ఎక్కువగా బెదరగొట్టేది మొదటి విడతే. ఎర్రగా పొట్ట మీద బయటికి కనిపించే పేగును చూసి అమ్మమ్మలు, నాయనమ్మలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అది బిడ్డకు నొప్పి పెట్టదనీ, కొన్ని నెలల్లో పోతుందనీ మొదటి రోజే చెప్పే మనిషి కావాలి. మధ్య విడతలో ఇంట్లో రోజూ సన్నటి కడ్డీతో ద్వారం వెడల్పు చేయాలి. ఈ పని చేసేది తల్లే. ఆమెకు ఓపిగ్గా నేర్పకపోతే ద్వారం ఇరుకై ఎంత గొప్ప ఆపరేషన్ అయినా వృథా అవుతుంది.

ఫలితాలు లోపం రకాన్నిబట్టి ఉంటాయి. పెన్యా చికిత్స చేసిన పిల్లల్లో నాలుగింట మూడొంతుల మంది తమంతట తాము మలవిసర్జనకు వెళ్ళగలిగారు. మిగిలినవారికి కూడా దారి ఉంది. రోజూ ఒకే వేళకు ఎనిమాతో పేగును శుభ్రం చేస్తే మిగతా రోజంతా బిడ్డ శుభ్రంగా ఉంటాడు, బడికి పోతాడు, తోటివారితో ఆడుకుంటాడు. 1990లో బ్రిటన్ వైద్యుడు మలోన్ ఉండుకాన్ని చర్మానికి కలిపి, పిల్లలు బొడ్డు దగ్గర నుంచి తామే నీరు ఎక్కించుకునే మార్గం చూపాడు. చదువుకునే పిల్లవాడికి ఈ స్వాతంత్ర్యం విలువ అంతా ఇంతా కాదు.

మగ, ఆడ దారులు విడిపోయే వేళ

ఏడో వారం దాకా మగపిండానికీ ఆడపిండానికీ బయట తేడా లేదు. లోపల ఇద్దరికీ రెండు జతల నాళాలు ఉంటాయి. వై క్రోమోజోమ్ మీది ఎస్‌ఆర్‌వై అనే జన్యువు పనిచేస్తే బీజగ్రంథి వృషణమవుతుంది. ఆ జన్యువును 1990లో లండన్ పరిశోధకులు గుర్తించారు. అంతకు చాలా ముందే, 1940లలో, ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ కుందేలు పిండాల్లో వృషణాలను తొలగించి చూశాడు. అవన్నీ ఆడరూపంలోనే పెరిగాయి. మగరూపం రావడానికి వృషణం రెండు ఆజ్ఞలు పంపాలని అలా తేలింది. ఒకటి ఆడనాళాలను కరిగించాలి, రెండోది మగ అవయవాలను పెంచాలి. ఏదో ఒక ఆజ్ఞ ఆలస్యమైనా, చేరకపోయినా లోపం వస్తుంది.

పురుషాంగం అడుగున మూత్రమార్గం గొట్టంలా మూసుకుపోవడం 8 నుంచి 14 వారాల మధ్య జరుగుతుంది. మూసుకోవడం మధ్యలో ఆగితే మూత్ర రంధ్రం కొనలో కాక అడుగున ఉండిపోతుంది. దీన్ని వైద్యులు హైపోస్పాడియాస్ అంటారు. మగబిడ్డల్లో 250 మందికి ఒకరి ప్రాంతంలో కనిపిస్తుంది. ఆపరేషన్‌కు అనువైన వయసు 6 నుంచి 18 నెలలు. ఈ బిడ్డలకు ముందే సున్తీ చేయించకూడదు. కొత్త మూత్రమార్గం చేయడానికి సున్తీలో తీసేసే ఆ చర్మమే కావాల్సివస్తుంది. బందరు, గుడివాడల్లోని ముస్లిం కుటుంబాలకు ఈ ఒక్క మాట ముందే తెలిస్తే బిడ్డకు ఎంతో మేలు.

వృషణాలు కడుపులోంచి సంచిలోకి దిగేది గర్భం చివరి నెలల్లో. నెలలు నిండి పుట్టిన మగబిడ్డల్లో నూటికి ముగ్గురికి ఒకటైనా దిగి ఉండదు. చాలామందికి ఆరు నెలల్లో దానంతట అదే దిగుతుంది. ఏడాదికి నూటికి ఒకరు మిగులుతారు. “మగపిల్లాడే కదమ్మా, పెద్దయితే అదే దిగుతుందిలే” అన్న మాట మన ఇళ్ళలో ఎంతోమంది పిల్లల విలువైన కాలాన్ని తినేసింది. ఆరు నెలల తర్వాత దిగడం అరుదు. శరీరం లోపలి వేడికి వీర్యకణాలనిచ్చే కణాలు తగ్గిపోతాయి, తర్వాత కాలంలో కేన్సర్ ముప్పూ ఉంటుంది. ఏడాదిన్నర లోపు చిన్న ఆపరేషన్‌తో ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది.

మూత్రమార్గంలో అడ్డుపొరలతో పుట్టే మగపిల్లలకు ఇంకా పెద్ద ఆపద ఉంది. 5,000 నుంచి 8,000 మంది మగబిడ్డలకు ఒకరిలో కనిపించే ఈ పొరల వల్ల మూత్రాశయం కడుపులోనే ఉబ్బుతుంది, మూత్రపిండాలు ఒత్తిడికి చితికిపోతాయి. టిఫాలో ఇది కనిపించవచ్చు. పుట్టాక మూత్రం ధారగా కాక బొట్టుబొట్టుగా రావడం దీని గుర్తు. సన్నటి దుర్భిణితో ఆ పొరలను తొలగిస్తారు. ఆలస్యమైతే మూత్రపిండాలు ఆగిపోయే దాకా వెళ్ళవచ్చు. కాబట్టి మగబిడ్డ మూత్రం ధారగా పోస్తున్నాడా అని చూడడం కూడా ఆ మొదటి రోజు ప్రశ్నల్లోదే.

ఇంట్లో దాచిపెట్టిన బాధ

ఆడపిల్లల్లో కొన్ని లోపాలు పన్నెండు, పదమూడేళ్ళ తర్వాతే బయటపడతాయి. కన్నెపొర పూర్తిగా మూసుకుపోతే రక్తం లోపలే నిలుస్తుంది. నెలనెలా కడుపునొప్పి వస్తుంది, రక్తం మాత్రం కనిపించదు. చిన్న కోతతో నయమయ్యే సంగతి ఇది. ఇంకో రకంలో అండాశయాలు బాగుంటాయి, రొమ్ములు పెరుగుతాయి, గర్భాశయం మాత్రం ఏర్పడదు. 4,500 నుంచి 5,000 మంది ఆడపిల్లలకు ఒకరిలో ఇలా ఉంటుంది. “అమ్మాయి పెద్దమనిషి కాలేదు” అన్న మాట పుట్టగానే ఇంట్లో దిగులు మొదలవుతుంది, సంబంధాల మాట వచ్చేసరికి అది అవమానంగా మారుతుంది. 16 ఏళ్ళకు నెలసరి రాకపోతే స్త్రీ వైద్యురాలికి చూపించాలి, పూజారికి కాదు. గర్భాశయం లేనంత మాత్రాన ఆమె స్త్రీత్వానికి లోటేమీ లేదు. 2014లో స్వీడన్‌లో ఇలా గర్భాశయం లేకుండా పుట్టిన ఒకామె, గర్భాశయ మార్పిడి తర్వాత బిడ్డను కన్నది. ప్రపంచంలో అలాంటి తొలి కాన్పు అదే.

మరో జబ్బు ఉంది, దాన్ని పట్టుకోవడానికి మన హైదరాబాద్‌లోనే గట్టి ప్రయత్నం జరిగింది. అడ్రినల్ గ్రంథిలో ఒక ఎంజైము లోపిస్తే కార్టిసాల్ తయారవదు, మగ హార్మోన్లు ఎక్కువవుతాయి. ఆడబిడ్డ పుట్టినప్పుడు అవయవాలు ఆడవో మగవో తేలనట్టుగా ఉంటాయి. లోపల మాత్రం గర్భాశయం, అండాశయాలు మామూలుగానే ఉంటాయి. మగబిడ్డ చూడడానికి బాగానే ఉంటాడు. రెండు మూడు వారాలకు వాంతులు, నీరసం మొదలై, ఒంట్లో ఉప్పు తరిగిపోయి, కారణం తెలియకుండానే చనిపోవచ్చు. మడమ నుంచి తీసిన రక్తపు బొట్టుతో ఈ జబ్బు పసిగట్టవచ్చు. హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువులను పరీక్షించి, రమాదేవి, నౌషాద్ 2004లో ఫలితాలు ప్రచురించారు. ఈ జబ్బు 2,575 మందికి ఒకరిలో కనిపించింది. ప్రపంచపు లెక్క సుమారు 15,000కు ఒకరు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే దోషజన్యువు వస్తేనే ఇది పుడుతుంది. మేనరికాల్లో అందుకు అవకాశం ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్ళిళ్ళు దగ్గర బంధువుల మధ్యవే. చికిత్స ఖరీదైనది కాదు. రోజూ మాత్రలు వేయాలి, మానకూడదు.

ఆడో మగో తేలని బిడ్డ పుట్టినప్పుడు తొందరపడి రూపం మార్చే ఆపరేషన్ చేయించాలన్న ఒత్తిడి కుటుంబం మీద పడుతుంది. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు, ప్రాణాపాయం ఉంటే తప్ప పసిపిల్లలకు అలాంటి ఆపరేషన్లు చేయరాదని చెప్పింది. తమిళనాడు ప్రభుత్వం ఆ ఏడాదే ఉత్తర్వు ఇచ్చింది. ఆ శరీరంతో బతకవలసింది ఆ బిడ్డ, కాబట్టి ఆ నిర్ణయంలో మాట చెప్పే వయసు వచ్చేదాకా ఆగడం న్యాయం. ప్రాణం కాపాడే మందులు మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఎవరి పాపమూ కాదు

గ్రహణం వేళ తల్లి బయటికొచ్చిందనో, కత్తిపీట ముట్టుకుందనో నింద వేసే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. గ్రహణానికీ అవస్కరానికీ సంబంధం లేదు. లోపం పడేది నెల తప్పిన మొదటి కొద్ది వారాల్లో. తల్లికి ఆ సంగతి తెలిసి జాగ్రత్త పడేసరికే ఆ పని సగం పూర్తయి ఉంటుంది. చాలామంది బిడ్డల్లో కారణం ఇదీ అని వేలెత్తి చూపించగలిగేది ఏదీ దొరకదు. తెలిసిన వాటిలో ముఖ్యమైనది, గర్భానికి ముందు నుంచే తల్లికి ఉన్న అదుపులేని మధుమేహం. బిడ్డ కావాలనుకున్నప్పుడే చక్కెరను అదుపులోకి తెచ్చుకుంటే ఆ ముప్పు తగ్గుతుంది. ఒక బిడ్డకు మలద్వార లోపం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఒకరి ప్రాంతం. అంటే తొంభై తొమ్మిది మందికి రాదు.

వెన్నుపాము మూసుకోకపోవడం వల్ల మలమూత్రాల అదుపు పోయే జబ్బును మాత్రం చాలావరకు ఆపవచ్చు. అందుకు వాడే మందు ఫోలిక్ ఆమ్లం. దానితో మన గడ్డకు చుట్టరికం ఉంది. గుడివాడలో రైలెక్కితే వచ్చే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం, గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే ఈ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గుతుందని తేల్చింది. వెన్నుపాము మూసుకునేది ఫలదీకరణ తర్వాత 28 రోజుల్లోపే. నాలుగో నెలలో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు రక్తహీనతకు మంచివే, వెన్నుపాముకు మాత్రం అప్పటికి ఆలస్యమైపోతుంది. పెళ్ళయి బిడ్డ కావాలనుకునే ప్రతి అమ్మాయికీ రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర ముందే అందాలి.

డెల్టా లెక్క

2022లో ఏర్పడిన కొత్త కృష్ణా జిల్లా జనాభా, 2011 లెక్కల ప్రకారం, సుమారు 17.35 లక్షలు. వెయ్యికి 15 కాన్పుల చొప్పున ఏడాదికి 26,000 మంది శిశువులు అనుకుందాం. 5,000కు ఒకరు అన్న లెక్కలో ఏటా ఐదుగురు మలద్వార లోపంతో, 250కి ఒకరు అన్న లెక్కలో యాభై మందికి పైగా మగబిడ్డలు మూత్రరంధ్రపు లోపంతో పుడతారు. ఏడాది నిండినా వృషణం దిగనివారు నూటికి పైగా ఉంటారు. జిల్లాలో ఏ ఒక్క గ్రామానికీ ఇది తరచూ కనిపించే సంగతి కాదు, అందుకే ఎవరికీ అలవాటు లేదు. జిల్లా మొత్తానికి మాత్రం ప్రతి వారం ఎదురయ్యే పని.

2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే తొమ్మిది లోపాలను పేర్లతో సహా జాబితాలో పెట్టింది. గ్రహణమొర్రి ఉంది, వంకరపాదం ఉంది, గుండెజబ్బు ఉంది. మలద్వార లోపం పేరు అందులో లేదు. ఆ జాబితాను చూసుకుని పనిచేసే కార్యకర్తకు వెతకాలన్న తలంపే రాకపోతే తప్పు ఆమెది కాదు. పదో పేరుగా దీన్ని చేర్చడానికి ఖర్చు ఏమీ లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఈ పిల్లల ఆపరేషన్లకు డబ్బు ఇస్తుంది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉంది. డబ్బూ, వైద్యుడూ ఉన్న చోటికి బిడ్డను సకాలంలో చేర్చడమే మిగిలిన పని. దివిసీమ చివర నాగాయలంక నుంచో, కోడూరు నుంచో కరకట్ట మీదుగా బెజవాడ చేరడానికే రెండు గంటల ప్రయాణం, గుంటూరు ఆ తర్వాత. మూడో రోజు పొట్ట ఉబ్బి, వాంతులతో ఆ దారి పట్టిన బిడ్డకూ, మొదటి రోజే పాలు ఆపి, సెలైన్ పెట్టి, వెచ్చగా చుట్టి పంపిన బిడ్డకూ బతుకులో ఎంతో తేడా ఉంటుంది.

102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇంటికి వెళ్ళే ముందు ప్రతి శిశువునూ ఒకసారి కాళ్ళు ఎత్తి చూసి, చూశామని డిశ్చార్జి కాగితం మీద రాసి సంతకం చేయడం గుడివాడ, బందరు, అవనిగడ్డ ఆసుపత్రులన్నిటా నియమం కావాలి. ఆశా కార్యకర్త మూడో రోజు ఇంటికి వచ్చినప్పుడు ఆ కాగితం అడగాలి. లేకపోతే తానే చూడాలి. లోపం కనిపిస్తే తల్లికి మొదట చెప్పవలసిన మాటలు రెండు: ఇది నీ తప్పు కాదమ్మా, దీనికి వైద్యం ఉంది. ఈ రెండు మాటలూ నిజాలు. వీటిని చెప్పగలిగినవారు ఊరూరా ఉంటే, ఆ ఐదుగురు పిల్లల్లో ఒక్కరిని కూడా పోగొట్టుకోవలసిన అవసరం మనకు లేదు.